మహాధ్వనిని విచారించినవాడు
సర్ స్టాంఫర్డు రాఫిల్సు జీవితము

మన పాఠశాల గంట మ్రోగినపుడు ఆ చప్పుడు ఎంతదూరము పోవును? ఆవలి వీధివరకు వినబడును. గాలి అనుకూలముగా నున్నచో చెరువుగట్టు మీద పశువులను మేపుచున్న బాలునకు సైతము వినబడవచ్చును. ఆకాశమున ఉరిమిన యురుము పది పండ్రెండు మైళ్లు దాటి వినబడుట అరుదు. కాని 1815 సంవత్సరము ఏప్రిల్ నెలలో తూర్పుదీవులయందు ఒక పర్వతము బ్రద్దలైనపుడు పుట్టిన ధ్వని వేయి మైళ్ల కావల నున్న మనుష్యుల చెవులకు సోకెను. చరిత్రయందు మానవులు విని వ్రాసియుంచిన మహాధ్వనులలో అదియు నొకటి.

ఆ ధ్వనిని విన్నవారు అసంఖ్యాకులు. అది ఏమి, ఎచ్చటనుండి వచ్చినది, ఎవరికి ఏమి కీడు చేసినది అని ఊరూర విచారింపించి, విన్నవారి మాటలను వ్రాతమూలమున నిలిపినవాడు ఒక్కడు. ఆతడే సర్ థామస్ స్టాంఫర్డు రాఫిల్సు. సింగపూరు నగరమునకు పునాది వేసినవాడుగా లోకము ఆతనిని ఎరుగును. విద్యార్థులకు ఆతని జీవితమున అంతకంటె ఉపయోగకరమైన భాగము ఇంకొకటి కలదని నా యభిప్రాయము. దానిని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బాల్యము

రాఫిల్సు 1781 సంవత్సరము జూలై 6వ తేదీన జమెయికా ద్వీపమునకు సమీపమున సముద్రముమీద, ఒక ఓడయందు జన్మించెను. ఆతని తండ్రి ఆ యోడకు నాయకుడు. ఆ ప్రాంతముల జరుగు వర్తకమున ఆయన ధనము గడింపలేకపోయెను. కుటుంబము అప్పులపాలయ్యెను. బాలుడు కొలదికాలము మాత్రమే పాఠశాలలో చదివి, పదునాలుగవ యేట లండను నగరమున ఈస్టిండియా కంపెనీ వారి కార్యాలయమున గుమాస్తాగా చేరవలసివచ్చెను.

పగలంతయు లెక్కలు, నకళ్లు వ్రాయుటతో సరిపోయెడిది. రాత్రులందు ఆ బాలుడు తన గదిలో క్రొవ్వువత్తి వెలిగించుకొని భాషలు, శాస్త్రములు తనంతట తానే చదువుకొనెడివాడు. ఇంటిలో దారిద్ర్య మెంత యుండెననగా, వత్తి వ్యర్థముగా ఖర్చగుచున్నదని తల్లి మందలించెడిది. ఆమెయందు దోషము లేదు. కూటికి చాలని ఇంట వత్తి కూడ భారమే. ఆ బాలుని యందును దోషము లేదు. పాఠశాల తనకు ఇయ్యలేకపోయిన దానిని ఆ చిన్న వెలుతురున తానే సంపాదించుకొనుచుండెను.

తూర్పుదీవులకు ప్రయాణము

పది సంవత్సరములు ఇట్లు గడచిన పిమ్మట, 1805లో కంపెనీవారు ఆతనిని మలయా తీరమున నున్న పినాంగు ద్వీపమునకు సహాయ కార్యదర్శిగా పంపిరి. పయనమునకు ముందు ఆతడు ఒలీవియా అను నామెను వివాహమాడెను. ఆమె మొదటి భర్త చెన్నపట్టణపు కొలువున వైద్యుడుగా నుండి మరణించినవాడు. ఓడలో కడచిన నెలలను రాఫిల్సు వృథాపుచ్చలేదు. నేల త్రొక్కుటకు పూర్వమే మలయా భాషను నేర్వనారంభించెను. ఇతర యుద్యోగులు దుబాసీల నోట విని పాలించుచుండగా, ఆతడు ఆ దేశపు జనులతో వారి భాషలోనే మాటలాడ గలిగెను. రేవున దిగిన నావికుని మొదలుకొని రాజుల లేఖకుల వరకు ఎవరితోనైనను సంభాషించి, వారు చెప్పినదానిని వ్రాసికొనుట ఆతనికి అలవాటయ్యెను. అదే కాలమున చెన్నపట్టణమునుండి ఆరోగ్యము కొరకు పినాంగునకు వచ్చిన జాన్ లేడెన్ అను స్కాట్లండు పండితుడు ఆతనికి ప్రియమిత్రుడై, భాషాభ్యాసమున తోడ్పడెను.

1811లో ఐరోపాయందు నెపోలియనుతో యుద్ధము జరుగుచుండెను. హాలండు దేశము ఫ్రెంచివారి వశమైనందున, డచ్చివారి జావా ద్వీపమును పట్టుకొనుటకు గవర్నరు జనరలగు మింటో ప్రభువు స్వయముగా సేనలతో తరలెను. ఆ దండయాత్రకు వలసిన సమాచార మంతయు సమకూర్చినవాడు రాఫిల్సు. ఆగష్టు నెలలో సేనలు జావాయందు దిగెను. సెప్టెంబరులో డచ్చివారు లొంగిపోయిరి. ముప్పదియేండ్ల రాఫిల్సు ఆ విశాలద్వీపమునకు లెఫ్టినెంటు గవర్నరుగా నియమింపబడెను. ఆ విజయదినములలోనే లేడెన్ జ్వరమువలన మరణించెను.

ఆతని పాలనయందు మంచియు కలదు, చెడుగును కలదు. బానిసలను దిగుమతి చేయుటను ఆతడు నిషేధించెను. అడవి కప్పివేసిన బోరోబుదూరు మహాస్తూపమును వెలికితీయుటకు 1814లో మనుష్యులను పంపెను. అయినను 1812 జూన్ నెలలో ఆతని యాజ్ఞవలన ఆంగ్లసేనలు యోగ్యకర్త సుల్తాను కోటను ఫిరంగులతో బద్దలుకొట్టి, దోచుకొని, ఆ రాజ్యపు వ్రాతప్రతులను సైతము ఎత్తుకొనిపోయెను. ఒకని జీవితమును వ్రాయునపుడు ఒక వైపే చూపుట న్యాయము కాదు. ఫిరంగి మ్రోత ఆ దీవుల ప్రజలకు ఎంత పరిచితమో తెలియుటకు ఈ సంగతిని జ్ఞాపక ముంచుకొనవలెను.

1814 నవంబరులో ఒలీవియా మరణించెను. ఆ దుఃఖము మానకమునుపే, తరువాతి సంవత్సరమున ఆ మహాధ్వని వినవచ్చెను.

ఏప్రిల్ 5వ తేది

జావాకు తూర్పున బలీ, లొంబాక్ అను దీవులకు ఆవల సుంబావా అను ద్వీపము కలదు. దాని యుత్తరమున తాంబోరా పర్వతము దాదాపు 14,000 అడుగుల యెత్తున నిలిచియుండెను. మూడేండ్లుగా అప్పుడప్పుడు గొణుగుచుండినను, దానిని గూర్చి ఎవరును అంతగా తలంపలేదు.

1815 ఏప్రిల్ 5వ తేది సాయంకాలమున జావాద్వీప మంతటను గంభీరమైన చప్పుడులు వినబడెను. విడిచి విడిచి మరునాటివరకు అవి సాగెను. విన్నవారిలో ప్రతివాడును అది ఫిరంగుల మ్రోత యనియే నిశ్చయించుకొనెను. యోగ్యకర్తలో ఇరుగుపొరుగు ఠాణా మీద శత్రువులు పడిరని తలచి సైన్యమును నడిపించిరి. సముద్రతీరమున ఏదో ఓడ ఆపదలో చిక్కి సహాయమునకై ఫిరంగులు ప్రేల్చుచున్నదని తలచి పడవలను పంపిరి. సుంబావాకు ఉత్తరముగా 240 మైళ్ల దూరమున నున్న మకస్సరు రేవున, సముద్రపు దొంగలు వచ్చిరని భావించి, కంపెనీవారి బెనారస్ అను నోడమీద సైనికుల నెక్కించి వెదకుటకు పంపిరి. ఆ యోడ మూడు దినములు దీవులన్నియు గాలించి, దొంగలను గానక తిరిగివచ్చెను.

మరునాటి ఉదయమున ఆకాశమునుండి సన్నని బూడిద రాలెను. అప్పుడు గాని అది అగ్నిపర్వతమని జనులకు తోచలేదు. అప్పుడును ప్రతివాడు తన సమీపమున నున్న కొండయే ప్రేలినదని తలంచెను. ధ్వని అంత దగ్గరగా వినిపించినది. దక్షిణ సముద్రమును ఏలు రాణి తన యింట వేడుక చేయుచు ఫిరంగులు ప్రేల్పించుచున్నదని జావా ప్రజలలో కొందరు చెప్పుకొనిరి. వారిని చూచి నవ్వదగదు. చదువుకొన్న సైనికాధికారులును ఫిరంగులనియే భ్రమపడిరి గదా. మన మనస్సులో ఏ చప్పుడు నిలిచియుండునో, క్రొత్త చప్పుడు సైతము మనకు అట్లే వినబడును.

మహావిస్ఫోటనము

5వ తేది చప్పుడు ఆరంభము మాత్రమే. ఏప్రిల్ 10వ తేది సాయంకాలము ఏడు గంటల వేళ పర్వతశిఖరమునుండి మూడు అగ్నిస్తంభములు లేచి, పైన ఒకటిగా కలిసికొనెను. కొండ యంతయు ద్రవించిన నిప్పువలె కనబడెను. పిమ్మట పెనుగాలి వీచి ఇండ్లను నేలమట్టము చేసి, చెట్లను వ్రేళ్లతో పెకలించి, మనుష్యులను, పశువులను ఆకాశమున కెత్తెను. ఆ రాత్రియు మరునాడును ప్రేలుళ్లు ఎడతెగలేదు. మకస్సరున ఇండ్లు అదరెను. 780 మైళ్ల దూరముననున్న బటావియాలో, అనగా నేటి జకార్తాలో, మ్రోత వినబడెను. 900 మైళ్ల దూరముననున్న తెర్నాతె ద్వీపమునను వినబడెను. పశ్చిమమున వేయి మైళ్లు దాటి సుమత్రా ద్వీపమునను వినబడెను.

ధ్వని యొక మైలు దూరము పోవుటకు సుమారు ఐదు సెకనులు పట్టునని మన విజ్ఞానశాస్త్ర పాఠమున చదువుకొన్నాము. ఆ లెక్కను తాంబోరాయందు పుట్టిన మ్రోత బటావియాను చేరుటకు గంటకు పైగా పట్టియుండును. బటావియా ప్రజలు ఉలికిపడి వీధులలోనికి వచ్చునప్పటికి, ఆ ధ్వనిని పుట్టించిన ప్రేలుడు జరిగి గంట దాటినది. పర్వతపు పాదమున నున్న గ్రామములలో ఎందరి ప్రాణములో ఆ గంట లోపలనే పోయి యుండును. పర్వతముయొక్క శిఖరము నాలుగువేల అడుగులకు మించి ఎగిరిపోయి, నేడు దాదాపు 9,350 అడుగులు మాత్రమే మిగిలినది. శిఖర ముండిన చోట నాలుగు మైళ్ల వెడల్పును, 3,500 అడుగుల లోతును గల గొయ్యి ఏర్పడినది.

12వ తేదీన జావాయందు తూర్పుభాగమున తెల్లవారలేదు. గ్రెసిక్ పట్టణముననున్న యొక యధికారి, రాత్రి ఎంతకును గడవకపోగా గడియారమును దీపమునొద్ద పెట్టి చూచి, ప్రొద్దెక్కినదని తెలిసికొనెను. పదునొకండు గంటలకు దీపపు వెలుతురున ఫలాహారము చేసెను. అప్పటికి గాని, వేకువయైనదని యెంచి పక్షులు కూయలేదు. బన్యువంగి పట్టణమున బూడిద ఎనిమిది అంగుళముల మందమున నేలను కప్పెను.

రాఫిల్సు చేసిన విచారణ

ఇట్టి సమయమున పాలకుడు చేయదగిన పని యేమి? రాఫిల్సు తన యధికారము క్రిందనున్న జిల్లాల రెసిడెంట్లందరకును ఉత్తరువు పంపెను. ప్రతివాడును తాను స్వయముగా వినినదియు, చూచినదియు, తమ ప్రాంతపు జనులు చెప్పినదియు వ్రాసి పంపవలెనని కోరెను. ఏ దినమున, ఏ వేళ, ఏ దిక్కునుండి చప్పుడు వచ్చెను, బూడిద యెంత పడెను, చీకటి యెంతకాల ముండెను, పైరులకును పశువులకును ఏమి జరిగెను అను విషయములు అట్లు చేరెను. ఓడల నాయకులు చూచినదానిని సైతము సేకరించెను. ఈ యుత్తరము లన్నిటిని కూర్చి, తాను అధ్యక్షుడుగా నుండిన బటావియా శాస్త్రసమాజమువారి సంచికలో ప్రకటింపజేసెను.

ఆ దినములలో దూరపు వార్తను క్షణమున తెలుపు తంతి లేదు. భూకంపములను కొలుచు యంత్రములును లేవు. ఉన్న పరికరము మనుష్యుని చెవియు, కన్నును, జ్ఞాపకమును మాత్రమే. ఒక్కొక్కని చెవి పొరబడినది. ఒకడు యుద్ధమనెను, ఒకడు దొంగలనెను, ఒకడు ఓడ యనెను. వారి నందరిని ఒకచోట చేర్చి, కాలమును, దూరమును, దిక్కును పోల్చి చూచినప్పుడు సత్యము బయటపడెను. ఈ పనికి గొప్ప మేధాశక్తి అక్కరలేదు. అడుగు ఓపిక, చెప్పినవాని మాట వినునంత వినయము కావలెను.

బియ్యపు ఓడ

అంతటితో ఆగియుండినచో ఆ విచారణ కేవలము శాస్త్రచర్చయై యుండెడిది. రాఫిల్సు లెఫ్టినెంటు ఓవెన్ ఫిలిప్సు అను నధికారిని బియ్యముతో సుంబావాకు పంపి, అచ్చటి స్థితిని కనుగొని రమ్మనెను. ఆతడు చూచినది హృదయవిదారకము. దారి ప్రక్కల శవములు పడియుండెను. ఇండ్లు కూలి, గ్రామములు నిర్మానుష్యములై యుండెను. మిగిలినవారు ఆహారము వెదకుకొనుచు చెల్లాచెదరైరి. తాటిజాతి చెట్ల మొవ్వులు, బొప్పాయి కాడలు, అరటి దవ్వలు తిని ప్రాణములు నిలుపుకొనుచుండిరి. బూడిద కలసిన నీరు త్రాగి పెక్కురు విరేచనముల పాలైరి.

పర్వతమునకు సమీపమున తాంబోరా, పెకత్, సాంగర్ అను చిన్న రాజ్యము లుండెడివి. తాంబోరా, పెకత్ రాజ్యములు ప్రజలతోడ నశించెను. సాంగర్ రాజు మాత్రము బ్రతికి, ఫిలిప్సును చూడ వచ్చెను. మూడు అగ్నిస్తంభముల వృత్తాంతము ఆయన నోటనే లోకమునకు తెలిసినది. ఆ రాజుయొక్క కుమార్తె ఆకలిచే మరణించెను. రాజకుమార్తెయే అన్నము లేక మరణించిన దేశమున సామాన్యుల గతి చెప్పవలెనా? ఫిలిప్సు ఆయనకు మూడు కొయంగుల బియ్యమును రాఫిల్సు పేర కానుకగా నిచ్చెను. కొయంగు అనునది ఆ దీవులలో ధాన్యమును కొలుచు పెద్ద కొలత. రాజు ఎంతో కృతజ్ఞతతో దానిని స్వీకరించెను.

ఆ బియ్యము ఎంతమందికి సరిపోయెను? పండ్రెండువేలమంది చనిపోయిరని నాడు అంచనా వేసిరి. ఆకలిచేతను, రోగములచేతను సుంబావా, లొంబాక్ దీవులలో మడిసిన వారిని కలుపుకొన్నచో ఆ సంఖ్య డెబ్బదివేలకు మించునని తరువాతి పండితులు చెప్పిరి. రాఫిల్సు పంపిన సహాయము ఆ కష్టముముందు మిక్కిలి స్వల్పమని ఒప్పుకొనవలెను. కాని ఒక సంగతి గమనింపుడు. పర్వతపు మ్రోత ఎవరును పిలువకయే వేయి మైళ్లు పోయి అందరి తలుపులు తట్టెను. ఆకలిగొన్నవాని మూలుగు పొరుగు ద్వీపమునకు సైతము వినబడలేదు. దానిని వినుటకు ఓడయెక్కి పోవలసివచ్చెను.

వేసవి లేని సంవత్సరము

కంపెనీవారికి జావావలన లాభము రాలేదు. ఒక సేనాధిపతి రాఫిల్సుపై నేరములు మోపెను. అవి పిమ్మట రుజువు కాలేదు గాని, ఆతని పదవి పోయెను. ద్వీపమును తిరిగి డచ్చివారికి ఇచ్చుటకు నిర్ణయమయ్యెను. 1816 మార్చిలో ఆతడు జావా విడిచి, దారిలో సెయింటు హెలీనా ద్వీపమున బందీగానున్న నెపోలియనును చూచి, జూలైలో ఇంగ్లండు చేరెను.

ఆ యేట ఐరోపాయందు వేసవి రాలేదు. చలియు వానలును తగ్గక పంటలు పాడయ్యెను. అమెరికా ఈశాన్యభాగమున జూన్ నెలలో మంచు కురిసెను. ధాన్యపు వెలలు మండిపోయి, బీదలు పస్తులుండిరి. తాంబోరా ఎగజిమ్మిన గంధకపు పొగ అత్యున్నతాకాశమున వ్యాపించి సూర్యరశ్మిని అడ్డుటయే దీనికి ముఖ్యకారణమని ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ ధ్వనిని గూర్చి లోకమున అందరికంటె ఎక్కువ ఎరిగిన మనుష్యుడు ఆ మబ్బు పట్టిన యాకాశము క్రిందనే నడచుచుండెను. కాని ఆ రెంటికిని సంబంధము కలదని ఆతనికి తెలియదు. మనము సేకరించి యుంచిన సత్యము మన కాలమున మనకే పూర్తిగా బోధపడకపోవచ్చును. నూరేండ్ల పిమ్మట ఇంకొకరికి ఉపకరింపవచ్చును.

బెంకూలెను, సింగపూరు

1817లో రాఫిల్సు జావా చరిత్రమును రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ సంవత్సరముననే ఆతనికి సర్ బిరుదు లభించెను. సోఫియా అను నామెను వివాహమాడి, 1818లో సుమత్రాయందలి బెంకూలెను పట్టణమునకు పాలకుడుగా వెళ్లెను. కంపెనీవారికి అచ్చట సొంత ఆఫ్రికా బానిసలు రెండువందలకు పైగా నుండిరి. ఆతడు వారిని విడుదల చేసి, వారి పిల్లలకు బడి పెట్టెను. ఆ సంవత్సరమే సుమత్రా యడవులలో, మూడడుగుల వెడల్పు గల యొక పుష్పమును ఆతని పరివారము చూచిరి. లోకమున నున్న పుష్పములలో ఒంటిగా పూచు నట్టి పెద్ద పువ్వు మరియొకటి లేదు. ఆతని పేరిట దానికి రాఫ్లీసియా అని పేరు వచ్చినది.

1819 ఫిబ్రవరి 6వ తేదీన అచ్చటి మలయా ప్రభువులతో ఒడంబడిక చేసికొని సింగపూరునందు వర్తకస్థానమును నెలకొల్పెను. సుంకములు లేని యా రేవు త్వరలోనే పెరిగెను. మన తెలుగువారు సైతము పెక్కురు పిమ్మట అచ్చటికి పోయి స్థిరపడిరి. 1823లో ఆతడు ఆ నగరమున ఒక విద్యాలయమునకు పునాది వేసెను. ఆ దేశపు బాలురు తమ భాషలలోనే చదువుకొనవలెనని ఆతని కోరిక. చిన్నతనమున పాఠశాల విడువవలసి వచ్చినవానికి అట్టి కోరిక కలుగుట సహజము.

కష్టపరంపర

బెంకూలెనున రాఫిల్సు దంపతులకు సంతానమే సుఖము. 1821, 1822 సంవత్సరములలో జ్వరములు విరేచనములు సోకి ముగ్గురు బిడ్డలు ఒకరి వెనుక నొకరు మరణించిరి. మిగిలిన ఎల్లా అను బాలికను ఇంగ్లండు పంపివేసిరి. పిమ్మట పుట్టిన శిశువును 1823లో పోయెను. దీవుల నన్నిటిని దద్దరిల్లజేసిన ధ్వనికి చలింపక కలము పట్టిన తండ్రికి ఆ యింటి నిశ్శబ్దము ఎట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును.

1824 ఫిబ్రవరి 2వ తేదీన భార్యతో కూడ ఫేమ్ అను నోడయెక్కి స్వదేశమునకు బయలుదేరెను. ఇరువదేండ్లు కూర్చిన వ్రాతప్రతులు, పటములు, చిత్రములు, మొక్కలు, మృగములు ఆ యోడలో నుండెను. ఆ రాత్రియే ఓడలో నొక సేవకుడు వెలుగుచున్న వత్తితో పోయి సారాయి పీపా తెరచుటచే నిప్పంటుకొనెను. మనుష్యులందరు పడవలలో తప్పించుకొనిరి. సంపాదించిన జ్ఞానమంతయు భస్మమయ్యెను. చిన్ననాట ఆతనికి విద్య నిచ్చినదియు ఒక వత్తియే. తుద కాతని విద్యాఫలమును కాల్చివేసినదియు ఒక వత్తియే.

మరునాడు ఒడ్డు చేరి రాఫిల్సు ఏమి చేసెను? సుమత్రా పటమును జ్ఞాపకమునుండి మరల గీయుటకు కూర్చుండెను. తాంబోరా వృత్తాంతము అప్పటికే అచ్చుపడి లోకమున చెల్లుచుండుట వలన అగ్నికి ఆహుతి కాలేదు. తెలిసినదానిని పెట్టెలో దాచుకొనక పదిమందికి పంచిపెట్టినవానికి అదియే రక్షణ.

అంత్యదశ

ఇంగ్లండునందు ఆతడు 1826లో లండను జంతుశాస్త్ర సంఘమును స్థాపించి దానికి మొదటి యధ్యక్షుడయ్యెను. నగరమున కుత్తరముగా హెండన్ మండలమున ఇల్లు కొని, బానిసత్వమును రూపుమాపుటకు పోరాడిన విల్బర్‌ఫోర్సునకు పొరుగువాడయ్యెను. కాని కంపెనీవారు పూర్వపు జీతములును ఖర్చులును లెక్కగట్టి, 22,000 పౌనులకు మించి బాకీ పడితివని తాఖీదు పంపిరి. కొన్ని నెలలకే, 1826 జూలై 5వ తేదీన, నలుబదియైదవ జన్మదినమునకు ఒక్క దినము ముందు, ఆతడు ఇంటిలో కుప్పకూలి మరణించెను. ఆ మండలపు గురువు కుటుంబమునకు జమెయికాలో బానిసలవలన వచ్చిన ఆస్తి యుండుటచే, దేవాలయమున రాఫిల్సు పేర స్మారకఫలకము పెట్టనీయలేదని చెప్పుదురు. ఆతని సమాధి యెచ్చట నున్నదో కూడ జనులు మరచిపోయిరి. 1914లో గాని అది కనబడలేదు.

తరువాతి మహాధ్వనులు

1883 ఆగష్టు 27వ తేది ఉదయము పది గంటలకు, జావా సుమత్రాల నడుమ నున్న క్రకటోవా ద్వీపము బ్రద్దలయ్యెను. ఆ మ్రోత హిందూ మహాసముద్రమునకు అడ్డముగా పోయి, మూడువేల మైళ్ల దూరముననున్న రోడ్రిగ్సు ద్వీపమున నాలుగు గంటల పిమ్మట వినబడెను. అచ్చటి పోలీసు అధికారియు దానిని తూర్పు దిక్కున ప్రేలు పెద్ద ఫిరంగుల చప్పుడనియే వ్రాసెను. సుమత్రా యుత్తరమున ఆచేయందు కోటమీద శత్రువులు పడిరని సైనికులు ఆయుధములు ధరించిరి. అరువదియెనిమిది సంవత్సరముల తరువాత కూడ మనుష్యుల చెవులు మారలేదు. ఆ వాయుతరంగము భూమిని పలుమారులు చుట్టివచ్చినట్లు వాయుభారమాపకములు చూపెను. ముప్పదియాఱువేల మందికి పైగా, ముఖ్యముగా సముద్రపుటలలచే, మరణించిరి. లండనులోని రాయల్ సొసైటీ వారు లోకపు నలుమూలలనుండి విన్నవారి సాక్ష్యములు తెప్పించి, 1888లో పెద్ద గ్రంథము ప్రకటించిరి. జావాయందు రాఫిల్సు త్రొక్కిన త్రోవయే అది.

2022 జనవరి 15వ తేదీన పసిఫిక్ సముద్రమున టోంగా దేశపు సముద్రగర్భ పర్వతము ప్రేలగా, ఆ మ్రోత 5,000 మైళ్లు దాటి అలాస్కాలో సైతము వినబడెను. నేడు మనకు ఉపగ్రహములు కలవు, యంత్రములు కలవు. అయినను శాస్త్రజ్ఞులు ఎచ్చటివారు ఎప్పుడు విన్నారో సామాన్యులను అడిగి తెలిసికొనిరి.

ముగింపు

విద్యార్థులారా, రాఫిల్సు పరిశుద్ధుడని చెప్పుటకు ఈ చరిత్ర వ్రాయలేదు. యోగ్యకర్త కోటను కూల్చిన ఫిరంగులును ఆతనివే. సాంగర్ రాజునకు పంపిన బియ్యమును ఆతనిదే. రెండును ఆతని లెక్కలో ఉండనిండు. కాని ఆతనినుండి మనము ఒకటి నేర్చుకొనవచ్చును. పెద్ద చప్పుడు వినబడినపుడు మొదటి తలంపుతోనే తీర్పు చేయక, పదిమందిని అడుగుము. అడిగినదానిని వ్రాసి పెట్టుము. వ్రాసిన పిమ్మట, ఆ చప్పుడు పుట్టినచోట ఎవరైనను ఆకలితో నున్నారేమో పోయి చూడుము.

మొదటి రెండును మన పాఠశాలయందు నేర్పగలము. మూడవది పాఠపుస్తకములలో దొరకదు. దానిని మీరు ఇంటియందును, వీధియందును, మీ పొరుగువాని గుమ్మమునొద్దను నేర్చుకొనవలసి యున్నది.